ప్రదర్శనకి పనికిరాని బండి

"మూడు బండ్లయినా ఉండాలి వెర్లిన్. ఒక్క బండికి ఒక వరస పెట్టి, దానికో జడ్జీని నిలబెట్టి, రిబ్బను ఇవ్వమంటే జనం నవ్వుతారు," అన్నాడు డ్వేన్ ష్రోయర్ కాఫీ ఊదుకుంటూ.

మెర్టన్ కౌంటీ తిరనాళ్ళ కమిటీకి పాతకార్ల పెద్ద డ్వేన్. వెర్లిన్ నీకాంప్ ఆ ఆఫీసు గుమ్మంలోనే నిలబడి విన్నాడు. కూచోమన్నా కూచోలేదు. కూచుంటే ఆ కుర్చీలోంచి లేచేటప్పటికి ఏదో ఒకదానికి ఒప్పుకునే లేస్తానని అతనికి బాగా తెలుసు.

అతను ఏళ్ళ తరబడి అడుగుతున్నది ఒకటే. ఆగస్టు తిరనాళ్ళలో పాతకార్ల ప్రదర్శన ఉంటుంది. ఇంజను బలిసిన కుర్రకారు బండ్లకి ఒక వరస. పైకప్పు లేని షోకు బండ్లకి ఒక వరస. పికప్ ట్రక్కులకి రెండు వరసలు. చివరికి పాలవ్యానుకి కూడా గొడుగు కింద చోటు దొరికింది. సంసారాలు మోసిన బండికి మాత్రం చోటు లేదు. పిల్లల్ని బడికి, ముసలివాళ్ళని ఆసుపత్రికి, ఊరు ఊరంతటినీ చర్చికి మోసి మోసి తుప్పు పట్టిపోయిన నాలుగు తలుపుల బండ్లనీ వెనక డిక్కీ లేని పొడుగాటి వ్యాగన్లనీ ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు. ప్రతి ఏడూ వెర్లిన్ పోయి అడగడం, "మీది ఏ కోవ బండి?" అని వాళ్ళనడం, "ఇంటి బండి," అని ఇతను చెప్పడం, "అట్లాంటి కోవ లేదే," అని వాళ్ళు నవ్వడం. పోనీ ఆ నవ్వు దుర్మార్గంగా ఉంటే తిట్టి రావచ్చు. జాలిగా ఉండేది. అదే అతనికి మింగుడుపడేది కాదు.

ఈ ఏడు కమిటీలో ఎవరికి దయ కలిగిందో గాని, "కుటుంబ వాహనాలు" అని ఒక వరస పెడదాం అన్నారు. అన్నాక ఈ మెలిక పెట్టారు.

"మూడు," అన్నాడు వెర్లిన్.

"మూడు. శనివారం మధ్యాహ్నం పన్నెండుకి మూడూ గడ్డి మీద కనపడాలి. కనపడకపోతే ఆ బోర్డు పీకేసి ఇంకో ట్రక్కుని పెట్టుకుంటా."

"నాకో బండి ఉంది."

"నాకు తెలుసు నీకో బండి ఉందని. ఈ కౌంటీలో కుక్కలకి కూడా తెలుసు."

ఆ బండి మార్లో కంపెనీ వాళ్ళ స్టేషన్ వ్యాగన్, డెబ్భై నాలుగో సంవత్సరానిది. కంపెనీ ఎప్పుడో మూతపడింది. బండి మాత్రం పడవంత పొడుగున వెర్లిన్ కొట్టంలో నిలబడి ఉంది. పక్కలకి చెక్కలాగా కనిపించే ప్లాస్టిక్ రేకు అంటించి ఉంటుంది. అది చెక్క కాదని పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. అయినా వెర్లిన్ తండ్రి ఆల్ఫాన్స్ శనివారం సాయంత్రాలు నిజం చెక్కకి రాసినట్టే దానికి మైనం రాసేవాడు. ఏడుగురు పిల్లలు. మధ్యవాడు వెర్లిన్. అన్నిటికన్నా వెనక సీటు వెనక్కి తిరిగి ఉండేది. ఆ సీటు కోసం చర్చి మెట్ల మీద జుట్లు పట్టుకునేవాళ్ళు. ముందు సీటు వాళ్ళకి ఎక్కడికి పోతున్నామో కనపడితే, ఆ సీటు వాళ్ళకి దేన్ని వదిలేసి పోతున్నామో కనపడేది: దుమ్ము, మొక్కజొన్న చేలు, వెంటపడి పరిగెత్తి పరిగెత్తి చాలించుకున్న కుక్క. ఎండాకాలం సీటు రెక్సిన్‌కి తొడలు అంటుకుపోయి, లేచేటప్పుడు చర్మం ఊడొచ్చినంత పనయ్యేది.

ఇంట్లో ఫోటోల డబ్బా మొత్తం వెతికినా ఆ బండి ఒక్కదాంట్లోనూ పూర్తిగా పడలేదు. చర్చిలో మొదటి కమ్యూనియన్ పుచ్చుకున్న నాటి తెల్లగౌనులో అక్క రోజెల్లా వెనక ఒక తలుపు, సైన్యానికి పోతున్న పెద్దన్న పక్కన ఒక చక్రం, గుమ్మడికాయల కుప్ప వెనక ఒక దీపం. దాన్ని చూడ్డానికి ఎవరూ ఎప్పుడూ నిలబడలేదు. ఒక్కరోజన్నా జనం దాని ఎదురుగా నిలబడి దాన్నే చూడాలని వెర్లిన్ పట్టుదల. ఎందుకని ఎవరన్నా అడిగితే అతని దగ్గర జవాబు లేదు. జవాబు లేనందుకు మళ్ళీ కోపం.

అక్కడితో ఆగితే బాగుండును. ఈస్టర్ భోజనాల దగ్గర అతని నోరు ఊరుకోలేదు.

అక్క రోజెల్లా కొడుకు కర్ట్ తిరనాళ్ళలో కుమ్ములాట ఆడతాడు. పాత బండ్లని బురద గోదాలోకి దించి ఒకదాన్నొకటి గుద్దుకుంటారు. ఆఖరికి కదలగలిగిన బండిదే గెలుపు. ఆ ఆటకి పెద్ద వ్యాగన్లు బంగారం. బరువెక్కువ, వెనకభాగం పొడుగు, ఎంత గుద్దినా ఇంజను దాకా దెబ్బ రాదు. అందుకే కౌంటీలో ఉన్న వ్యాగన్లన్నీ ఒకటొకటిగా ఆ బురదలోనే ముగిసిపోయాయి.

"మావయ్యా, ఆ మార్లో నాకియ్యి. కొట్టంలో కూచుని అది ఏం చేస్తోంది? ఒక్కసారి దాని సత్తా జనానికి చూపిస్తా," అన్నాడు కర్ట్, పంది తొడ కోసుకుంటూ.

"అది వెళ్ళిపోతే నా కారు మంచులో తడవదు," అంది వెర్లిన్ భార్య మార్సెల్లా. ఎవరి వైపూ చూడకుండా అంది.

అందరూ నవ్వారు. ఆ నవ్వుకి రోషం వచ్చి, "ఈ ఏడు దాన్ని ప్రదర్శనలో నిలబెట్టలేకపోతే నువ్వే తీసుకుపో," అనేశాడు వెర్లిన్. బల్ల చుట్టూ ఇరవైమంది విన్నారు. నీకాంపులు మాట అంటే ఇక అన్నట్టే.

అందుకే డ్వేన్ ఆఫీసులోంచి బయటికొచ్చినవాడు తిన్నగా జెనీవా పుతాఫ్ ఇంటికి పోయాడు. ఎనభై దాటిన మనిషి. లేత బఠాణీ రంగు నాలుగు తలుపుల డెల్‌రాన్ కారు ఇప్పటికీ ఆవిడే నడుపుకుని చర్చికి వస్తుంది. ఆవిడ వస్తుంటే రోడ్డు మీద తక్కినవాళ్ళు ఎందుకైనా మంచిదని పక్కకి ఆగుతారు.

"ప్రదర్శనా? దీన్నా?" అందావిడ.

"అవునండి. ఒక్క శనివారం."

"ఈ కారు కొన్నప్పుడు మా హెర్బర్ట్‌తో వారం మాట్లాడలేదు, తెలుసా నీకు? ఎర్రది తెమ్మంటే ఈ రంగు తెచ్చాడు. కొట్టువాడి దగ్గర ఇదే మిగిలిందట. అప్పణ్ణుంచీ ఈ రంగు నేనొక్కదాన్నే చూసి ఏడుస్తున్నా. ఇప్పుడు ఊరందరికీ చూపించమంటావు."

"అదేనండి, వాళ్ళని కూడా ఏడవనివ్వండి."

"నిమ్మరసం కొనిపెడతావా?"

"పెడతానండి."

"గొడుగు?"

"తెస్తానండి."

మూడోవాడి కోసం పక్క కౌంటీల దాకా తిరిగాడు. ఒక ఊళ్ళో వ్యాగన్ ఉందంటే పోయి చూస్తే కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి దాంట్లో. ఇంకో ఊళ్ళో "నిరుడే ఇనప సామాన్లవాడికి వేశాం, అయ్యో," అన్నారు. ఆ 'అయ్యో' వినీవినీ అతనికి విసుగొచ్చింది. ఎవర్ని కదిలించినా మా ఇంట్లోనూ ఉండేది అనేవాడే. ఉంచుకున్నవాడు ఒక్కడు లేడు. చివరికి లోవెల్ ఐకెనార్ దొరికాడు. లెక్కల మేష్టరు చేసి మానేసిన మనిషి. వాళ్ళమ్మ వదిలిపోయిన మట్టిరంగు కారుని దుప్పటి కప్పి దాచుకున్నాడు. వాన వస్తుందంటే బయటికి తియ్యడు, ఎండ కాస్తుందన్నా తియ్యడు.

"కుమ్ములాట వాళ్ళ పక్కన పెట్టరు కదా?" అని అడిగాడు లోవెల్.

"వాళ్ళది మైదానం ఆ చివర. మనది ఈ చివర."

"వాళ్ళు అదో రకంగా చూస్తారు నా కారుని. మా పక్కింటి కుక్క మా పిల్లిని చూసినట్టు."

"మేష్టారూ, ఎవరూ ముట్టుకోరు. నాది పూచీ," అన్నాడు వెర్లిన్. అని, ఎవరి మీద నమ్మకంతో అన్నానా అని దారంతా అనుకున్నాడు.

*

శనివారం పొద్దున మార్సెల్లా చూస్తుండగా బండి బయటికి తీశాడు. రాత్రి మైనం రాశాడేమో, చెక్క కాని చెక్క చెక్కలాగే మెరిసింది.

"నేను నా కారులో మీ అక్కని ఎక్కించుకుని వస్తాలే. నువ్వు దానితో పో," అంది మార్సెల్లా. ఆ 'దానితో' ఎట్లా అందంటే సవతి గురించి అన్నట్టే ఉంది.

తిరనాళ్ళ గేటు దగ్గర బారు పెద్దది. వెర్లిన్ వంతు రాగానే నారింజ రంగు కోటు మనిషి అడగనైనా అడక్కుండా చెయ్యి ఎడమకి ఊపాడు.

"నేను ప్రదర్శనకి," అన్నాడు వెర్లిన్ తల బయటికి పెట్టి.

ఆ మనిషి బండిని ముందునుంచి వెనకదాకా చూశాడు. మళ్ళీ వెనకనుంచి ముందుదాకా చూశాడు. "ఇదా?"

"ఇదే."

"పెద్దాయనా, కుమ్ములాట బండ్లు ఎడమ పక్క. సిగ్గుపడకు, బాగుంది బండి. ముందు నిలబెడితే గట్టిగానే తట్టుకుంటుంది."

"ప్రదర్శనకని చెబుతున్నానా నీకు?"

"సరే సరే, వెనక ఆవుల లారీ ఆగిపోయింది. ముందు ఎడమకి పోనియ్యి, ఆ చివర తిరిగి ఇటు వచ్చెయ్యి."

తిరగడానికి చివర అంటూ లేదు. ఎడమకి తిరిగాక ట్రైలర్లు, వాటి మీద తలుపులు వెల్డింగు చేసిన బండ్లు, వాటి మధ్య సుత్తులు పట్టుకున్న మనుషులు. ముందు ఒక ట్రైలరు అడ్డం పడింది, వెనక ఇంకోటి వచ్చి ఆనింది. మార్లో వ్యాగన్ కబేళా వాకిట్లో పెళ్ళికూతురులా మధ్యలో ఇరుక్కుంది. గడియారం చూస్తే పదకొండు దాటి చాలాసేపయింది.

"ఎంతసేపు?" అని ట్రైలరువాణ్ణి అడిగాడు.

"ఈ గొలుసు విప్పేదాకా. నీకు పనుంటే చూసుకుని రా. తాళంచెవి బండికే ఉంచిపో, కాస్త జరపాల్సొస్తే జరుపుతాం."

ఇక్కడ తాళంచెవి బండికి ఉంచడం పెద్ద విషయమేం కాదు. పొలాల్లో ట్రాక్టర్లకి, చర్చి ముందు కార్లకి, అందరి తాళంచెవులూ బండ్లకే వేలాడుతుంటాయి. వెర్లిన్ ఉంచేసి, మైదానం ఆ చివరికి దాదాపు పరుగెత్తాడు.

"కుటుంబ వాహనాలు" అని చేత్తో రాసిన బోర్డు కింద బఠాణీ రంగు కారు ఒక్కటీ ఉంది. దాని పక్కన గొడుగు కింద జెనీవా.

"నిమ్మరసం ఏదీ?" అందావిడ.

"వస్తుందండి. లోవెల్ మేష్టారు ఏరీ?"

"వంతెన దగ్గర పొగలు కక్కుతోందట ఆయన కారు. ఆయన కూడానట."

డ్వేన్ అప్పటికే బోర్డు కర్ర మీద చెయ్యేసి ఉన్నాడు. "ఒకటి వెర్లిన్. నా కంటికి ఒక్కటే కనపడుతోంది."

"రెండోది వంతెన దగ్గరుంది. మూడోది నీ గేటువాడు కుమ్ములాటలోకి తోలాడు."

డ్వేన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "వాణ్ణేమనను? నేనున్నా అటే తోలేవాణ్ణి."

"నవ్వు. నవ్వుతూనే ఆ కర్ర వదులు. నాకు కాస్త టైమియ్యి."

"అవతల ఎర్ర ట్రక్కువాడు చోటు కోసం నా ప్రాణం తీస్తున్నాడు."

"వాడికి రెండు వరసలున్నాయి! ఇంకా ఏం కావాలి వాడికి, మెట్లు కట్టించాలా? మీరంతా ఏ బండిలో పెరిగారు డ్వేన్? ట్రక్కులోనా? మీ నాన్న మిమ్మల్ని మా మేరీ అత్తయ్య అంత్యక్రియలకి దేంట్లో తీసుకొచ్చాడు? గోధుమరంగు వ్యాగన్, పైన సామాన్ల కమ్మీ. నువ్వు వెనక కూచుని మాకు నాలిక చూపించావు. నాకు గుర్తే."

"డోకు కూడా వచ్చింది నాకా రోజు," అన్నాడు డ్వేన్. కర్ర మీంచి చెయ్యి తీశాడు. అంతలోనే పొగలు కక్కుకుంటూ మట్టిరంగు కారు గడ్డి మీదికి వచ్చింది. లోపల లోవెల్ మొహం ఉడకబెట్టిన దుంపలా ఉంది. డ్వేన్ జేబులోంచి అట్టముక్క తీసి వెర్లిన్ చేతికిచ్చాడు. బండి అద్దం మీద పెట్టుకునే ప్రవేశపు అట్ట.

"పో. తెచ్చుకో. నువ్వు వచ్చేదాకా బోర్డు పీకను. రాకపోతే మాత్రం ఈ ఇద్దర్నీ ఇంటికి పంపించడం నా వల్ల కాదు, నువ్వే చెప్పుకోవాలి."

ఆ అట్ట పట్టుకుని వెర్లిన్ తిరిగి వస్తుంటే, ఏళ్ళ తర్వాత మొదటిసారి ఒంట్లో బరువు దిగినట్టనిపించింది. ఆ తేలిక ట్రైలర్ల దాకానే.

*

ముందు అతనికి వినపడింది చప్పుడు. అద్దం పగిలి గడ్డి మీద పడే చప్పుడు గాజులమ్మి బుట్ట ఒలికినట్టుంటుంది. తర్వాత కనపడింది మార్లో. ఎడమపక్క అద్దాలు లేవు. వెనక తలుపు అద్దం లేదు. తలుపు మీద, తండ్రి మైనం రాసిన చోట, నారింజ రంగుతో మూరెడు అంకెలు వేసి ఉన్నాయి. కర్ట్ బండి ఎక్కి కప్పు మీదికి వంగి రంగుడబ్బాతో ఏదో రాస్తున్నాడు. వాడి స్నేహితులు ఇద్దరు సుత్తులతో కుడిపక్కకి వెళ్తున్నారు. ఆలస్యంగా వచ్చిన బండికి చుట్టుపక్కల వాళ్ళంతా చెయ్యేసి అద్దాలు దింపడం కుమ్ములాట వాళ్ళలో మర్యాద. మర్యాద శ్రద్ధగా జరుగుతోంది.

వెర్లిన్ అట్ట పట్టుకున్న చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

కర్ట్ అతన్ని చూసి దిగాడు. చేతికున్న రంగు ప్యాంటుకి తుడుచుకుని, వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఆ ఇంట్లో చావులప్పుడు తప్ప ఎవరూ ఎవరి చెయ్యీ అంతసేపు పట్టుకోరు.

"నేను అనుకోలేదు మావయ్యా," అన్నాడు. "నువ్వు ఇస్తావని అనుకోలేదు. తాళంచెవి ఉంచి వెళ్ళిపోయావని వీళ్ళు చెప్పారు. నాకు అర్థమైంది. నువ్వేం చెప్పక్కర్లేదు."

అప్పుడు వెర్లిన్‌కి ఏం జరిగిందో తెలిసింది. నీకాంపుల ఇళ్ళలో ఇచ్చేవాడు ఇస్తున్నానని అనడు. పుచ్చుకునేవాడు సంతోషమని అనడు. తండ్రి ఆల్ఫాన్స్ అతనికి ట్రాక్టరు ఇచ్చిన రోజు, తాళంచెవితో సహా వాకిట్లో నిలబెట్టి, చేనుకడ్డంపడి నడిచి వెళ్ళిపోయాడు. నిరుడు ఇతనే తన వెల్డింగు మిషను తీసుకుపోయి కర్ట్ షెడ్డు ముందు దించి, కర్ట్ బయటికి వచ్చేలోగా వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆ కర్టే ఆ మిషనుతోనే ఈ తలుపులు అతికించడానికి సిద్ధంగా ఉన్నాడు. వాణ్ణి ఏమని తిట్టాలి? వాడు తప్పు చదివాడా? వాడికి చదవడం నేర్పింది తామే.

కప్పు మీద ఏం రాశాడో చూశాడు. "ఆల్ఫాన్స్ తాత కోసం." అక్షరాలు బడిపిల్లవాడు రాసినట్టు జాగ్రత్తగా, గుండ్రంగా ఉన్నాయి. అవి వంకరగా ఉన్నా బాగుండు, కోపం రావడానికి వీలుగా ఉండేది.

నోరు మూసుకుంటే పనైపోతుంది. ఇంకో గంటలో బండి బురదలో ఉంటుంది, కర్ట్ ఏడుస్తూ నవ్వుతూ గుద్దుతాడు, ఇంట్లో అందరూ వెర్లిన్ మనసు గొప్పదని ముప్పై ఏళ్ళపాటు చెప్పకుండా చెప్పుకుంటారు. జేబులో అట్టముక్క మూల అరచేతికి గుచ్చుకుంది.

"నేను నీకు ఇవ్వలేదు కర్ట్," అన్నాడు.

కర్ట్ ఇంకా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. "ఏంటి?"

"ఇవ్వలేదు. గేటువాడు తప్పుడు దారిలో తోలాడు. ట్రైలరువాడు తాళంచెవి ఉంచమన్నాడు. నేను అట్ట తెచ్చుకోడానికి పోయా. ఇదిగో అట్ట."

సుత్తుల వాళ్ళిద్దరూ సుత్తుల వైపు చూసుకున్నారు. ఒకడు తనదాన్ని మెల్లిగా గడ్డిలో పెట్టాడు, పెట్టిన చప్పుడు వినపడకుండా.

"మరి చెప్పొచ్చుగా మావయ్యా," అన్నాడు కర్ట్. చెయ్యి వదిలేశాడు. మొహం ఎర్రగా అయింది, చెవుల దాకా.

"ఎవరికి చెప్పను? ఎప్పుడు చెప్పను?"

"నాకు ఒక్క ఫోను చేస్తే పోయేది."

"నువ్వు అడిగితే పోయేది. సుత్తి ఎత్తేముందు, ఏం మావయ్యా, ఇచ్చేసినట్టేనా అని."

"అట్లా ఎవరన్నా అడుగుతారా?" అన్నాడు కర్ట్. నిజంగానే అడిగాడు. వాడన్నది నిజం కావడంతో వెర్లిన్‌కి ఒళ్ళు ఇంకా మండింది. ఎవరి మీద అరవాలో తెలియక ట్రైలరు చక్రాన్ని ఒక్క తన్ను తన్నాడు. బొటనవేలు నొప్పిపుట్టింది.

తలుపు తీశాడు. సీటు మీద గాజుముక్కలు పంచదారలా పరుచుకున్నాయి. ఎవరిదో గోనెసంచి కనపడితే లాగి సీటు మీద వేసుకుని కూచున్నాడు. బండి మొదటి తిప్పుకే స్టార్టయింది. దానికేం తెలుసు.

*

మైదానం అడ్డంగా పోతుంటే జనం పక్కకి తప్పుకున్నారు. "గోదా అటు, తాతా, అటు," అని ఒకడు చూపించాడు. కోడిమాంసం సాండ్‌విచ్చుల కొట్టు ముందు వరసలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. వెర్లిన్ ఎవర్నీ చూడలేదు. వెనక ఏదో ఎగురుతున్న చప్పుడైతే చూశాడు: చెక్క రేకు మూల లేచి గాలికి కొట్టుకుంటోంది.

బోర్డు కింద ఆపేటప్పటికి డ్వేన్ నోట్లో సిగరెట్టు అట్లాగే ఉండిపోయింది.

"ఏంటిది?"

"మూడో బండి."

"అద్దాలేవి?"

"నీ నిబంధనల్లో అద్దాలుండాలని ఉందా?"

"ఉంది కదా, అసలు రూపంలో ఉండాలని."

"ఇంటి బండికి ఇదే అసలు రూపం. ఎవడికి తోచినట్టు వాడు వాడుకోవడమే," అన్నాడు వెర్లిన్. "లెక్క చూసుకో డ్వేన్. ఒకటి, రెండు, మూడు. ఆ బోర్డు మీద చెయ్యేస్తే ఇవాళ నేను మంచివాణ్ణి కాను."

డ్వేన్ లెక్కపెట్టినట్టు మూడు కార్లనీ చూసి, వెర్లిన్ దగ్గర అట్ట తీసుకుని, పగలకుండా మిగిలిన ముందద్దం మీద పెట్టి వెళ్ళిపోయాడు.

లోవెల్ తన కారు చుట్టూ దుప్పటి కప్పడం మొదలుపెట్టాడు. "చెప్పానా నీకు, వాళ్ళు అదో రకంగా చూస్తారని."

"గాలి బాగా వస్తుందిలే ఇక," అంది జెనీవా. "నిమ్మరసం మర్చిపోయావు."

జడ్జీ వచ్చాడు. బఠాణీ రంగుకి మొదటి బహుమతి, మట్టిరంగుకి రెండోది. మార్లో ముందు చాలాసేపు నిలబడి, మూడో రిబ్బను అద్దాల తుడుపుకర్రకి కట్టాడు. మార్సెల్లా, రోజెల్లా అప్పుడే వచ్చారు. రోజెల్లా బండిని చూసి నోటి మీద చెయ్యేసుకుంది. తన కొడుకు చేతిరాత ఆవిడకి తెలుసు.

"మూడింట్లో మూడోది," అంది మార్సెల్లా రిబ్బను చూసి. ఇంకేదో అనేదే. భర్త మొహం చూసి మానేసి, తన చేతిసంచి కుర్చీ మీద పెట్టి, ఎవరూ అడక్కుండానే నిమ్మరసం తేవడానికి పోయింది.

విచిత్రం ఏమిటంటే జనం ఆగారు. తళతళలాడే బండ్ల దగ్గర తాడు కట్టి ఉంటుంది, ముట్టుకోవద్దని. ఇక్కడ తాడు లేదు, అద్దం కూడా లేదు. తలలు లోపలికి దూరాయి.

"అబ్బ, ఇదే వాసన," అంది ఒకావిడ. "మా ఇంట్లోనూ ఉండేది. నీలం రంగు."

"ఏమైంది?" అన్నాడు వెర్లిన్.

"ఏమో. నాన్న ఎవరికో ఇచ్చేశాడు."

"మాది కుమ్ములాటకి పోయింది," అన్నాడు ఇంకొకాయన. "మా తమ్ముడు ఆ వెనక సీట్లోంచే దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు."

"మాదాంట్లో మా అవ్వ ప్రాణం పోయింది. ఆసుపత్రి దాకా కూడా పోలేదు."

ఒకరి తర్వాత ఒకరు. అందరికీ ఉండేదట. అందరికీ ప్రాణమట. చివరికి వెర్లిన్ ఆగలేక అనేశాడు: "మీలో ఒక్కడు ఒక్క బండి ఉంచుకుని ఉంటే నేను వేసవంతా కోళ్ళగూళ్ళు వెతికేవాణ్ణి కాదు కదా." తమ్ముడి సంగతి చెప్పినాయన నవ్వాడు, వేళాకోళం అనుకుని. వెర్లిన్ నవ్వలేదు.

వాళ్ళు పోయాక కర్ట్ వచ్చాడు. చేతిలో చీపురు, చేట. ఎవర్నీ పలకరించకుండా వెనక తలుపు తీసి, తల లోపల పెట్టి గాజుముక్కలు ఊడవడం మొదలుపెట్టాడు. వెర్లిన్ కుర్చీలోంచి కదల్లేదు. ఈ ఊడ్పుకి అర్థం ఏమిటో అతనికి తెలుసు. క్షమించమని అర్థం. తను ఊరుకుంటే సరేనని అర్థం. మళ్ళీ అదే మూగవ్యవహారం.

"నా షెడ్డులో ఉన్నాయి," అన్నాడు కర్ట్ లోపలినుంచి.

"ఏవి?"

"అద్దాలు. ఇట్లాంటి బండివే. మార్లోవి. వెనక తలుపుది కూడా ఉంది. నా బండ్లకి నేను అద్దాలు పగలగొట్టను, విప్పి దాచిపెడతా."

"మరి దీన్ని సుత్తితో ఎందుకు కొట్టావు?"

"నువ్వు ఆలస్యంగా తెచ్చావు. విప్పే టైము లేదు."

వెర్లిన్ కుర్చీలోంచి లేచాడు. "ఎన్ని మార్లోలు ఆడావు నువ్వు?"

చీపురు ఆగింది. "తెచ్చింది నాలుగు. రెండు అసలు గుద్దనేలేదు, ఇంజన్లు కదల్లేదు. షెడ్డు వెనక పడున్నాయి."

"నిలబడి ఉన్నాయా? చక్రాల మీద?"

"ఒకటి ఉంది. ఇంకోటి కాస్త ఒరిగింది."

పక్క కౌంటీల రోడ్లన్నీ, కోళ్ళగూళ్ళన్నీ, ఆ 'అయ్యో'లన్నీ వెర్లిన్ తలలో ఒక్కసారి తిరిగాయి. తన ఇంటికి కూతవేటు దూరంలో, సొంత అక్క కొడుకు షెడ్డు వెనక, రెండు మార్లో వ్యాగన్లు.

"నేను మూడో బండి కోసం ఎక్కడెక్కడ తిరిగానో తెలుసా నీకు?"

"తెలుసు. అమ్మ చెప్పింది."

"తెలిసి నోరు తెరవలేదా?"

"నువ్వు అడగలేదు మావయ్యా."

"నువ్వు చెప్పలేదు."

"నువ్వు అడిగితే చెప్పేవాణ్ణి. పందెం నాతోనే కదా. అడక్కుండా నేనే వచ్చి చెప్తే నీ బండి నాకు అక్కర్లేదన్నట్టు ఉంటుంది. నువ్వు నొచ్చుకుంటావేమో అనుకున్నా."

ఈ వంశంలో ఒకళ్ళనొకళ్ళు నొప్పించకుండా ఉండటానికి పడే అవస్థకి ఎన్ని బండ్లు, ఎన్ని ఏళ్ళు పోయాయో అని వెర్లిన్‌కి అనిపించింది. అతని తండ్రి గాని, తాత గాని ఎన్నడూ చెయ్యని పని ఒకటి అతనికి అప్పుడు తోచింది.

"బయటికి రా," అన్నాడు.

కర్ట్ తల బయటికి తీశాడు. జుట్టులో గాజుపొడి.

"రేపు పొద్దున వస్తా. అద్దాలు, ఆ ఒరగని బండి చూపించు. వస్తున్నానని ఇప్పుడే చెబుతున్నా, విన్నావా? బండి నీకు ఇవ్వనని కూడా చెబుతున్నా. ఇవాళా ఇవ్వను, నేను పోయాక కూడా ఇస్తానో లేదో అప్పుడు చెబుతా. విన్నావా?"

"విన్నా."

"విన్నావుగా. ఇప్పుడు ఇది కూడా విను. గాడిదకొడకా, మీ అమ్మ పక్కనే ఉంది, ఉన్నా అంటున్నా, నీకు కళ్ళున్నాయా? మైనం రాసిన బండిని కుమ్ములాటకి ఎవడన్నా తెస్తాడా?"

కర్ట్ చీపురు పట్టుకుని నిలబడి వింటున్నాడు. వాడి మొహంలో రాను రాను ఏదో తేలికపడుతోంది. వెర్లిన్ గొంతు పెద్దదైంది. ట్రక్కుల వరసలోంచి ఒకరిద్దరు ఇటు తిరిగారు. లోవెల్ దుప్పటి సర్దడం ఆపాడు. జెనీవా మాత్రం గొడుగు పక్కకి వంచి, బాగా వినపడేటట్టు కుర్చీ జరుపుకుంది.